వెనక సీటు సాక్ష్యం

స్పీడోమీటరు ముల్లు నలభై అయిదు దాటింది. శాంతకుమార్ ఊపిరి బిగబట్టాడు. యాభై దగ్గర మళ్లీ మొదలయింది ఆ సన్నని వణుకు.

"స్టీరింగు నిమ్మళంగానే ఉంది. ఎనక ఎలాగుందండీ?" అన్నాడు అద్దంలోకి చూస్తూ.

"సీట్ హిల్ రహా హై," అంది వెనకనుంచి సువర్ణకుమారి. "వణికి కితకితలెడతంది."

ముందు సీట్లో అతని పక్కన కూర్చున్న ఆమె తండ్రి తోమాస్ గారు కిటికీవైపు తిరిగిపోయారు. ఆయన మిల్లులో ఫోర్మన్. దేశం విడిచి వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర ఈ నల్ల కారు కొన్నారు. ఊళ్లో బుద్ధిగానే నడిచేది. ఘాట్‌శిలా రోడ్డెక్కి వేగం అందుకుంటే మాత్రం జ్వరం వచ్చినట్టు వణికేది.

బర్మామైన్స్‌లో శాంతకుమార్‌కి ఒక రేకుల మరమ్మత్తు షెడ్డు, రెండు చేతులు తప్ప మరేమీ లేవు. అతని లెక్క తేలిక. స్టీరింగు వణికితే ముందు చక్రం, సీటు వణికితే వెనక చక్రం. తోలేవాడికి వెనక సీటు సంగతి తెలియదు కాబట్టి అక్కడొక మనిషి కూర్చుని చెప్పాలి. మొదటి ఆదివారం ప్రార్థన అయ్యాక తోమాస్ గారు కూతురినే కూర్చోబెట్టారు.

సువర్ణకుమారి కాసిడీహ్‌లో పంతులమ్మ. తల్లి పోయిన రెండేళ్లుగా పాఠం చెప్పడానికి తప్ప నోరు విప్పని మనిషి. అలాంటిది, ఆ రోజు సీటు వణకగానే ఫక్కున నవ్వింది. తోమాస్ గారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఆ రోజే శాంతకుమార్ చక్రాన్ని జాకీ మీద లేపి, చేత్తో తిప్పి వదిలాడు. బరువున్న వైపు కిందికొచ్చి ఆగింది. దానికి ఎదురుగా అంచుకి ఒక సీసం ముక్క బిగించాడు. ముక్క మీద మేకుతో 'ఒకటి' అని అంకె గీశాడు. కారు నీళ్ల మీద పడవలా పోయింది.

మరుసటి ఆదివారానికి ముక్క లేదు, వణుకు ఉంది. 'రెండు' అని గీసి ఇంకో ముక్క బిగించాడు. అదీ పోయింది. బర్మామైన్స్ రోడ్ల గతుకులకి ఊడిపోతున్నాయనుకున్నాడు. ఇవాళ పదో ఆదివారం. ఈ తొమ్మిది వారాల్లో అతను తక్కిన కార్లన్నీ పరధ్యానంగానే బాగుచేశాడు. కళ్లు మూస్తే రోడ్డూ, దానికి రెండువైపులా మంచులో తేలే సాల్ చెట్లూ, అద్దంలో ఆమె ముఖమూ కనిపించేవి. తన గ్రీజు చేతుల్ని చూసుకుని మనసులో మాట పెదవి దాటనిచ్చేవాడు కాదు. ఎవరి కూతురు, తనెవరు.

"ఇంక సాలు బాబూ," అన్నారు తోమాస్ గారు. "రేపు దీన్ని రిపేరుకి కలకత్తా తోలించేత్తాను. మరి ఆదివారాలు రానక్కర్లేదు. సెప్పుకోవలసిందేటైనా ఉంటే ఇవాళే సెప్పు."

శాంతకుమార్ కారు ఇప్పచెట్టు కింద ఆపాడు. తోమాస్ గారు దిగి, "కాళ్లు పట్టేశాయి, అలా నడిసొత్తాను," అంటూ వెళ్లిపోయారు. ఏప్రిల్ ఎండలో కూడా ప్రార్థనకి వేసుకున్న నల్లకోటు విప్పలేదు. ప్రతి శనివారం కారు స్వయంగా కడిగేంత శుభ్రం మనిషి, ఇవాళ దుమ్మురోడ్డున పడి నడుస్తున్నారు.

శాంతకుమార్ వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు. ఇప్పపూల తియ్యటి వాసన మత్తుగా తగులుతోంది. కిందటి వారం అతను ముక్కని బిగించడమే కాక ఇనపతీగతో కూడా కట్టాడు. ముక్క లేదు, తీగ మాత్రం వేలాడుతోంది. పట్టుకు చూశాడు. దానంతటది తెగలేదు, ఎవరో కత్తిరించారు.

అతని చెవులు వేడెక్కాయి. కారున్నది వాళ్లింట్లో. ఈ వణుకు పోకూడదని తనలాగే కోరుకున్నవాళ్లు ఆ ఇంట్లో ఉన్నారన్నమాట. తలెత్తాడు. సువర్ణకుమారి కిటికీలోంచి అతన్నే చూస్తోంది.

"ఇది దానంతటది ఊడలేదండి," అన్నాడు మెల్లగా. "ఎందుకు తీసేరో కూడా తెలిసినాది."

ఆమె ముఖం ఎర్రబడింది. కాదనలేదు, అవుననలేదు. జడలో చిక్కుకున్న ఇప్పపువ్వు తీసి అతని అరచేతిలో పెట్టింది.

ఆ పువ్వు గుప్పిట్లో ఉండగానే అతను తిరిగొస్తున్న తోమాస్ గారికి ఎదురెళ్లాడు.

"కారు బాగుసెయ్యలేకపోనాను, తప్పే," అన్నాడు. "అయినా అడుగుతన్నాను. మీ అమ్మాయిని నాకియ్యండి. బాగా సూసుకుంటాను."

తోమాస్ గారు కారు వైపు చెయ్యి చూపించారు. "నన్నేటి అడుగుతావు? ఎనక సీటు సంగతి ఎనక కూకున్నోల్లే సెప్పాల," అన్నారు.

"ఠీక్ హై, నాన్నా," అన్న మాట కారులోంచి వినిపించింది.

తిరుగు ప్రయాణమయ్యారు. యాభై దగ్గర వణుకు వచ్చింది. వేగం ఇంకా పెరిగి అరవై అందుకునేసరికి అది మాయమైంది. చెట్లూ, ఎండా, దూరాన కార్ఖానా పొగా అన్నీ మెత్తగా వెనక్కి జారిపోతుంటే శాంతకుమార్‌కి తను తోలుతున్నాడో, కల గంటున్నాడో తెలియలేదు.

ఇల్లు చేరాక సువర్ణకుమారి టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. తోమాస్ గారు కుర్చీలో వాలి, హాయిగా కోటు విప్పారు.

"మేకుకి తగిలించు బాబూ," అని కాబోయే అల్లుడి చేతికిచ్చారు.

కోటు ఒకవైపుకి బరువుగా లాగింది, ఒరిగిన జేబులోంచి ఏవో జారి పడబోతే శాంతకుమార్ చెయ్యి అడ్డం పెట్టాడు.

సీసం ముక్కలు, ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్నీ ఉన్నాయి.