డాక్టరు రాయనిది

మా ఇంట్లోవాళ్ల లెక్కలో నాది టైపు కొట్టే ఉద్యోగం. "మా పిల్ల ఇరిగిన చేతులకు నంబర్లేస్తది" అని అమ్మ, గణపతి బొమ్మలు చేసే మా ధూల్‌పేట్ అంతా చెప్పి నవ్వుతుంది. డాక్టరు రాసిన రిపోర్టు చదివి, ఏ ఎముక, ఎక్కడ, దేనివల్ల విరిగిందో చూసి బీమా కంపెనీ కోసం దానికి కోడ్ నంబరు వేయడం నా పని. డాక్టరు రాయనిది మా ఆఫీసులో జరగనట్టే.

ఇవాళ ఆసుపత్రిలో డాక్టరమ్మ నా ఎక్స్‌రే ఎత్తి చూసింది. "భుజం కింద ఎముక విరిగింది. ఎట్లయింది?"

నేను నోరు తెరిచేలోపే భరత్ అన్న అందుకున్నాడు. "గణపతి బొమ్మ మీద పడ్డది మేడం. జరుగు జరుగు అని మొత్తుకున్నా. ఇంటదా ఇది?"

"గట్లనే రాయుండ్రి అమ్మా," అంది అమ్మ.

డాక్టరమ్మ రాయడం మొదలుపెట్టింది.

ఎక్స్‌రేలో ఎముక మెలి తిరిగి విరిగి ఉంది. బొమ్మ పడితే అలా విరగదు. ఇల్లు వదిలి లేడీస్ హాస్టల్‌కు పోతానన్నందుకు అన్న నా చేయి వెనక్కి మెలిపెట్టాడు. అరుపు బయటికి వినబడకుండా అమ్మ తలుపు మూసింది.

"మెట్ల మీంచి జారింది" అని చదివి నేను కోడ్ వేసిన ఆడవాళ్ల పక్కన ఎందరు అన్నలు నిలబడ్డారో!

"రాసింది కొట్టేయుండ్రి మేడం. బొమ్మ పడలే. మా అన్న మెలిపెట్టి ఇరగ్గొట్టిండు. గదే రాయుండ్రి," అన్నాను.

"ఏందే నీ లొల్లి? ఇంటికి నడువు, చెప్త," అన్నాడు అన్న.

డాక్టరమ్మ బొమ్మ మాట కొట్టేసి, నేను చెప్పింది రాసింది. కట్టు వేయించుకుని హాస్టల్‌కు వెళ్తున్నాను.