ఆరో అడుగు

స్క్రిప్టు మళ్లీ ఆరో అడుగు దగ్గరే చచ్చింది.

వెనింగ్ బల్ల మీద అరచేత్తో ఒక్కటిచ్చింది. సురబయా నగరపు ఎండకు ఆఫీసులో ఏసీ కూడా మూలుగుతోంది. పక్క సీటు హెరు వేయించిన సోయా టెంపే ముక్క నములుతూ తొంగిచూశాడు.

"ఇంకా దాంతోనే కుస్తీనా అక్కా?"

"పొద్దున్న దానంతట అది నడిచినప్పుడు బుద్ధిగా పాసవుతుందిరా. మధ్యాహ్నం నేను నడిపితే చస్తుంది. నా మొహం నచ్చదనుకుంటా."

ప్రభుత్వాసుపత్రి బుకింగ్ సైటును పరీక్షించడం ఆమె పని. ఆమె రాసిన స్క్రిప్టు అచ్చం మనిషిలాగే సైటు తెరుస్తుంది, ఉత్తుత్తి రోగుల పేర్లు కొడుతుంది, డాక్టర్ని ఎంచుతుంది, చీటీ ఇచ్చే బటన్ నొక్కుతుంది. ఆ బటనే ఆరో అడుగు.

ఫోను మోగింది. తుతిక్ వదిన.

"ఇవాళా డాక్టరు చీటీ దొరకలేదే. పొద్దున్న ఏడింటికి సైటు తెరిచారు, రెప్ప వేసేలోగా నలభై చీట్లూ అయిపోయాయి. పది రోజులు! మీ అన్నకు గొంతులో గడ్డ గుటకైనా దిగనివ్వట్లేదు. గంజి కూడా కక్కేస్తున్నాడు. ఆ సైటులోనే పని చేస్తావుగా, ఒక్క చీటీ ఇప్పించలేవా?"

"మాది నకలు సైటు వదినా. పరీక్షల కోసం పెట్టుకున్నది. అసలుదాని జోలికి మేం పోం. ఇదంతా చీట్లు పట్టేసి అమ్ముకునే దళారుల పని."

దళారులంటే ఆమెకు ఒళ్లు మంట. పేరుకు పేదోడి ఆసుపత్రి. పేదోడు డాక్టరు గుమ్మం తొక్కాలంటే దొంగల్ని దాటుకుని పోవాలి. నిన్న వీధి జనాన్ని వెంటేసుకుని ఆసుపత్రి గేటు దగ్గరికి పోయింది. సిగరెట్ల బండి పక్కన తచ్చాడే దళారి కస్మాన్ కాలర్ పట్టుకుంది.

"ఒట్టు తల్లీ! పది రోజులుగా నాకూ ఒక్క చీటీ చిక్కలేదు. నా కడుపూ మాడుతోంది!"

"దొంగ ఏడుపులు ఎవడి ముందురా?"

చెంప పగలగొట్టింది. జనం చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు ఫోను పక్కన పడేసి, స్క్రిప్టును ఒక్కో అడుగుకూ ఆపి నడిపించింది. నాలుగు, రోగి పేరు. సరే. ఐదు, డాక్టరు. సరే. ఆరు దగ్గర బటన్ బూడిదరంగులో మొండికేసింది. నొక్కేముందు ఆగే సమయం పెంచింది. స్క్రిప్టులో బటన్ పేరు మార్చి చూసింది. ఉలకదు, పలకదు.

"మొదటి నుంచి చూడక్కా," అన్నాడు హెరు.

"మొదటి అడుగులో ఏముంటుందిరా, నా బొంద? సైటు తెరవడమేగా. చచ్చినచోట వెతకాలి గానీ పుట్టినచోట కాదు."

"బాసు మెడ మీద కూర్చుంటే ఒక్క పూటలో రాసి పడేశావు కదా. ఒకసారి చూస్తే పోయేదేముంది?"

వాడి నోరు మూయించడానికే ఒకటో అడుగుకు వెళ్లి ఆపింది. సైటు అడ్రసు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది.

అది నకలు సైటుది కాదు, అసలుదానిది. పది రోజులుగా ఏడు కొట్టగానే నలభై ఉత్తుత్తి పేర్లతో నలభై చీట్లూ మింగేస్తున్నది తను రాసిన స్క్రిప్టే.