కర్త లేని వాక్యం

“ఈ రోజు పదం, కనైవ్,” అంది మైకు ముందు నిలబడ్డ అమ్మాయి.

వరసల్లో గుసగుసలు బయల్దేరాయి. నిన్నా అదే పదం, మొన్నా అదే. పటమటలోని ఆ బడిలో పొద్దున అసెంబ్లీకి రోజుకో కొత్త ఇంగ్లీషు మాట చెప్పించడం ఆనవాయితీ. పదం, అర్థం, ఒక వాక్యం. మాటను ఎంచేది ఇంగ్లీషు టీచరు సుబ్బరత్నం. కూతురు పోయాక తిరిగి బడికి వచ్చిన రోజు నుంచి ఆవిడ ఆ మాట మార్చలేదు.

“అర్థం, తప్పు జరుగుతోందని తెలిసీ చూడనట్టు ఊరుకోవడం.”

వేదిక మీద కరస్పాండెంట్ వెంకటకృష్ణారావు తల వంచుకుని చేతి గడియారం సర్దుకున్నాడు.

తరగతిలోనూ అదే పాఠం.

“పిల్లి పాలు తాగుతుంటే మా దాదీ కనైవ్ చేస్తుంది మేడమ్,” అన్నాడు కరిముల్లా. క్లాసంతా నవ్వింది.

“కనైవ్ తర్వాత ‘ఎట్’ ఏదీ? ఎట్ రావాలి, దాని వెనక తప్పు రావాలి. ఇంకో సంగతి రాసుకోండి. ఈ క్రియకి కర్త తప్పు చేసినవాడు కాదు. చూసి ఊరుకున్నవాడు.”

“అయితే దొంగ పిల్లి కాదా మేడమ్, మా దాదీయేనా?”

“కూర్చో.”

సుబ్బరత్నం నవ్వలేదు. నవ్వి చాలా రోజులైంది.

బడి వ్యాను వెనక తలుపుకి గడియ పడేది కాదు. డ్రైవరు హనుమయ్య దానికి తాడు కట్టి నెట్టుకొచ్చాడు. ఉయ్యూరులో వక్తృత్వ పోటీకి పిల్లల్ని తీసుకెళ్తుంటే కాలవగట్టు మలుపులో ఆ తాడు తెగింది. తలుపు పక్కన కూర్చున్నది సాయిశ్రీ, సుబ్బరత్నం కూతురు.

కేసు హనుమయ్య మీద పడింది. తలుపు సంగతి తనకెవరూ చెప్పలేదని కరస్పాండెంట్ పోలీసులతో అన్నాడు. చెప్పానయ్యా, చెప్పాను, అని హనుమయ్య మొత్తుకున్నాడు. ఒక్క సుబ్బరత్నం నమ్మింది. ఆ నిజం కరస్పాండెంట్ నోటితోనే, అందరి ముందూ రావాలి. వచ్చేదాకా ఆవిడ వదలదలుచుకోలేదు.

“సార్‌ని చూస్తే జాలేస్తోంది మేడమ్,” అంది స్టాఫ్ రూములో లెక్కల టీచరు నుస్రత్. “మనిషి సగమైపోయారు.”

“ఇంకా సగం ఉందిగా,” అంది సుబ్బరత్నం, కాంపోజిషన్లు దిద్దుకుంటూ.

ఆ మధ్యాహ్నం కరస్పాండెంటే ఆవిడని ఆఫీసు గదికి రమ్మని కబురు పెట్టాడు.

“మాట మార్చండి మేడమ్. డిక్షనరీలో ఇంకేం లేవా?”

“చాలా ఉన్నాయి సార్. ఇది ఇంకా వంటబట్టలేదు.”

“ఎవరికి? పిల్లలకా, నాకా?”

“ఎవరికి రాకపోతే వాళ్ళకి.”

ఆయన తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. “నేనిప్పుడు నోరు విప్పితే బడి మూతపడుతుంది. ఇంతమంది పిల్లలు, ఇంతమంది టీచర్లు ఏమైపోతారో ఆలోచించారా?”

“హనుమయ్య ఏమైపోతాడో మీరు ఆలోచించారా?”

“నాకు నిద్ర పడుతోందనుకుంటున్నారా?”

“పట్టడం లేదని నాకు తెలుసు సార్. పట్టకూడదు.”

సుబ్బరత్నం నమస్కారం పెట్టి బయటికి వచ్చింది.

మర్నాడు తల్లిదండ్రుల సమావేశం. అసెంబ్లీ వేళకే ఆవరణ నిండిపోయింది. ఆ రోజు వంతు అక్షయది. పోటీకి వెళ్ళినప్పుడు వ్యానులో సాయిశ్రీ చెయ్యి పట్టుకుని కూర్చున్న పిల్ల. వాక్యం ఎవరికి వాళ్ళే సొంతంగా తయారుచేసుకోవాలని సుబ్బరత్నం నియమం.

“ఈ రోజు పదం, కనైవ్,” అని అక్షయ ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. “మా వ్యాను తలుపు పాడైంది. డ్రైవర్ అంకుల్ చెప్పారు. ఎవరో చూసీ చూడనట్టు ఊరుకున్నారు.” పిల్ల టీచరు వైపు తిరిగింది. “ఆ ఎవరో ఎవరో నాకు తెలీదు మేడమ్. కర్త లేకుండా వాక్యం ఎలా పూర్తి చెయ్యాలి?”

సుబ్బరత్నం వెళ్ళి అక్షయ చేతిలోంచి మైకు తీసుకుంది. దాన్ని కరస్పాండెంట్ ముందుకు చాచింది. ఆయన వెంటనే అందుకోలేదు. ఆవిడ చెయ్యి దించలేదు.

చివరికి అందుకున్నాడు.

“నేను,” అన్నాడు.

“వినపడలేదు సార్. మైకు దగ్గరగా పెట్టుకుని పూర్తి వాక్యం చెప్పండి.”

“నేను. హనుమయ్య నాకు చెప్పాడు. చెప్పినప్పుడల్లా సెలవుల్లో బాగుచేయిద్దాంలే అన్నాను. నేనే ఊరుకున్నాను. పోలీసుల దగ్గర అబద్ధం చెప్పాను.”

“పిల్లలూ, విన్నారుగా,” అంది సుబ్బరత్నం. “వాక్యం ఇప్పుడు పూర్తయింది.”

నుస్రత్ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరో తండ్రి పెద్దగా తిట్టాడు. ఇంకెవరో ఆ తండ్రిని ఆపారు. వేదిక మీద ఒంటరిగా నిలబడ్డ మనిషిని సుబ్బరత్నం కళ్ళు తిప్పకుండా చూసింది, ఇన్నాళ్ళూ ఆకలితో ఉన్న మనిషి అన్నం వైపు చూసినట్టు.

సాయంత్రం ఆయన పోలీస్ స్టేషన్లో అదే మాట రాసిచ్చి, ఖాళీ అయిన బడికి తిరిగి వచ్చాడు. ఆఫీసు గదికి తాళం వేసి సుబ్బరత్నం అప్పుడే మెట్లు దిగుతోంది. ఇద్దరూ గేటు దాకా నడిచారు.

గేటు దాటాక ఆవిడ, బడిలో ఎప్పుడూ పిలవని పిలుపుతో, “ఏమండీ, ఇంటికి పదండి, మనమ్మాయి ఫొటోకి ఇవాళ మీ చేత్తో దండ వేద్దురుగాని,” అంది.