కుడికి తిరిగిన స్టీరింగు

ముందు పోతున్న ఇనుప కడ్డీల లారీ హైవే మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయేసరికి కలప వ్యాపారి చేతిలో ఉన్నవి ఒక స్టీరింగు, ఒక్క క్షణం, కారులో నాలుగు ప్రాణాలు. ఆ క్షణం కాస్తా ఖర్చుపెట్టి స్టీరింగు కుడికి తిప్పేశాడు.

కారు ఎడమ సగం లారీ వెనక భాగం కిందికి దూరింది. అద్దం పగలగొట్టుకుని ఒక కడ్డీ లోపలికొచ్చి ఆగింది. ఆ తర్వాత చప్పుడు లేదు.

"అమ్మా!"

"ఉన్నానురా. కళ్లజోడే ఎటో ఎగిరిపోయింది." అతని వెనక సీటులోంచి తల్లి గొంతు.

"పాపా!"

ఎడమ సీటులో భార్య ఒళ్లో ఉన్న ఐదేళ్ల పాప గుక్కపట్టింది. ఏడుస్తోందంటే ఉన్నట్టే. భార్యను మాత్రం పిలవలేకపోయాడు. మెల్లగా ఎడమవైపు తల తిప్పాడు. సీటులో బిగుసుకుపోయి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్ప కొట్టింది.

నాలుగుకు నాలుగు.

లారీ డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు. "టైరు పేలిందన్నా! నా తప్పు లేదన్నా! అందరూ ఉన్నారా?"

"ఉన్నాం," అన్నాడు వ్యాపారి. అప్పుడు చూశాడు. కుడివైపు డివైడరు దాకా ఇరుకే. ఎడమవైపు మరో రెండు కార్లు పట్టేంత ఖాళీ మట్టినేల.

సముద్రం చూద్దామని మూడు రోజుల సెలవు మీద బయల్దేరిన సంసారం మధ్యాహ్నానికల్లా హైవే పక్క ఆస్పత్రిలో ఒక బల్ల మీద వరసగా కూర్చుంది. తల్లి మోకాలికి కట్టు. పాప నుదుటి మీద చిన్న ప్లాస్టరు. భార్య మోచేతి నిండా గాజు గీతలు. అతనికి చొక్కా బొత్తాం కూడా ఊడలేదు. అదే అతన్ని కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

"మీకెక్కడా తగల్లేదా?" నర్సు అడిగింది.

"లేదమ్మా."

"అదృష్టవంతులు."

"అదృష్టం కాదమ్మాయ్, చెయ్యి!" తల్లి అందుకుంది. "నా కొడుకు చెయ్యేస్తే ఎంత దుంగైనా చెప్పిన చోటికే దొర్లుతుంది. ఇంకెవడైనా అయితే ఈపాటికి మా నలుగురికీ దుప్పటి కప్పేసేవాళ్లు మీరు!"

"అమ్మా, ఊరుకో."

"ఎందుకూరుకోవాలి? ఏమ్మా, నువ్వయినా చెప్పవే, నీ మొగుడి చెయ్యి ఎలాంటిదో!"

భార్య పాపను ఎత్తి అత్తగారి ఒళ్లో దింపి, కిటికీ దగ్గరకు పోయి అటు తిరిగి నిలబడింది.

అతనికి ఒకటే తోచింది: ఆమెకు తెలిసిపోయింది. కుడికి తిప్పితే బయటపడేది కుడివైపు కూర్చున్నవాళ్లు. కడ్డీల పాలయ్యేది ఎడమవైపు వాళ్లు. దుంగను ఎటు కోస్తే ఏ ముక్క దక్కుతుందో కంటిచూపుతో చెప్పే మనిషి, ఆ ఒక్క క్షణంలోనూ లెక్క తప్పలేదు. తనను దక్కించుకున్నాడు. ఆ మాట ఆమె ఒక్కసారి పైకి అనేసిందంటే తొమ్మిదేళ్ల కాపురానికి ఇక అతుకు పడదు.

టీ తెచ్చిచ్చాడు. ఆమె తాగలేదు. బిస్కెట్టు తెచ్చాడు. అదీ ముట్టలేదు. పాప "అమ్మా, ఎత్తుకో" అని చేతులు చాపితే, విననట్టే ఉండిపోయింది. తన మీద కోపం పిల్ల మీద చూపిస్తోందని అతనికి ఇంకా భయమేసింది.

సామాన్లు తీసుకోవడానికి ఇద్దరూ మెకానిక్ షెడ్డుకు వెళ్లారు. మెకానిక్ కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి నవ్వాడు.

"తోలింది మీరేనా సార్? మీ వైపు తలుపు చూడండి, షోరూంలోంచి ఇప్పుడే దింపినట్టుంది. ఇటు మాత్రం కాలితో తొక్కిన డబ్బా! మీ తప్పేం లేదులెండి. స్టీరింగు పట్టినోడి చెయ్యి ఎప్పుడూ తన వైపే కాసుకుంటుంది."

పానా తెస్తానని వాడు లోపలికి పోయాడు. షెడ్డులో ఇద్దరే మిగిలారు. నలిగిన తలుపు లోంచి చెయ్యి పెట్టి ఆమె పాప చెప్పు ఒకటి బయటికి లాగింది.

"విన్నావుగా," అన్నాడు అతను. "వాడన్నది నిజమే. కావాలని చెయ్యలేదు. కానీ నా చెయ్యి నన్నే చూసుకుంది. నిన్నూ పాపనూ వదిలేసింది. తిట్టు. కొట్టినా పడతాను. ఇలా మాటాపలుకూ లేకుండా మాత్రం ఉండకు."

ఆమె చెప్పుకు అంటిన గాజుపొడి దులిపింది.

"నాకు మీ మీద కోపం లేదండీ."

అతను కంగారుపడ్డాడు. బేరంలో అతను జంకేది ఇలాంటి చోటే, ఎదుటివాడు అడక్కుండానే తగ్గినప్పుడు.

"కోపం లేకపోతే పొద్దుట్నించీ నా మొహం ఎందుకు చూడ్డం లేదు?"

"మీ మొహం కాదు. దాని మొహం చూడలేకపోతున్నాను."

"పిచ్చిదానా, అదేం చేసింది? నలుగురం వెళ్లాం, నలుగురం దక్కాం. ఎటు నుంచి కూడినా మనకు లాభమేగా?"

"లాభమే." ఆమె చెప్పును రెండు చేతులతో గుండెకు అదుముకుంది. "కడ్డీ మీదికొస్తుంటే మీరు స్టీరింగు తిప్పుకున్నారు. నా దగ్గర స్టీరింగు లేదుగా. ఒళ్లో నిద్రపోతున్న పిల్ల ఉంది. దాన్నెత్తి నా మొహానికి అడ్డం పెట్టుకున్నానండీ."