తొమ్మిదో పేజీ

"ఏదీ, కళ్ళు ఒకసారి పెద్దవి చెయ్యమ్మా!"

పక్క కుర్చీలోని మనిషి మాటకు ఆమె ఉలిక్కిపడి తిరిగింది. 

అతని కళ్ళే పచ్చగా ఉన్నాయి. తెలుపన్నది మచ్చుకైనా లేదు. చేతులూ మెడా కూడా అదే రంగు.

అది కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించి చూసే ఆస్పత్రి. ఏదో తీగ వేరులోంచి ఒక్క పదార్థాన్ని మాత్రం విడదీసి మాత్ర చేశారు. కీళ్ళ వాపునూ నొప్పినీ తీసేస్తుందని డాక్టర్ల ఆశ. ఆమె మొదటి సీసా తీసుకోవడానికి వచ్చింది.

ఆమె కోట్లకు చేత్తో కాజాలు కుట్టే మనిషి. ఆరు నెలలుగా వేళ్ళ కణుపులు వాచిపోయి సూది నిలవడం లేదు. "నెలాఖరుదాకా చూస్తానమ్మా, తర్వాత నా చేతుల్లో లేదు" అన్నాడు పనిచ్చే దర్జీ. ముప్పై ఏళ్ళుగా తెలిసిన పని అదొక్కటే. అది కాస్తా పోతే తనేం కావాలో ఆమెకు తెలియదు.

"ఎవరు మీరు?" అంది బెరుగ్గా.

"ఊరికే వచ్చానులే. మందు మొదలెట్టాక ఒళ్ళు దురద పెట్టినా, మూత్రం టీ రంగులో వచ్చినా, మాత్ర ఆపేసి పరుగెత్తుకు రా. రేపూ మాపూ అనకు."

ఆమె చివాలున లేచి నర్సు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

"సిస్టర్, ఆ పచ్చకళ్ళ మనిషిని చూస్తే చచ్చే భయంగా ఉంది. అంటుకునే జబ్బేమో! ఆయన ఇక్కడ కూచుంటే నేను రాను."

"అంటుకునేది కాదమ్మా."

"మరేంటి?"

"ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదు" అంది నర్సు నేల చూస్తూ.

వాచ్‌మన్ వచ్చి అతన్ని బయటికి వెళ్ళమన్నాడు. అతను పొట్ట పట్టుకుని లేచి, గోడ ఆసరాతో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

"కాగితాలన్నీ చదివారా?" అడిగింది నర్సు.

"చదివాను" అంది ఆమె. పద్నాలుగు పేజీలు. ఆఖరి పేజీ తిప్పి సంతకం పెట్టింది.

ఇంటికొచ్చినా ఆ కళ్ళు ఆమెను వదల్లేదు.

"చెట్టు మందేగా అక్కా, ఏం చేస్తుంది?" అంది చెల్లెలు.

"ఏమీ చెయ్యకపోతే ఆయనకా కళ్ళేమిటే?"

"కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందట. నీకేమో లోకమంతా కామెర్లే కనిపిస్తున్నాయి!"

రెండు రోజులు సీసా మూత తియ్యలేదు. మూడో రోజు తన జాకెట్టు హుక్కులు తనే పెట్టుకోలేక ఏడుపొచ్చింది. కళ్ళు మూసుకుని మింగేసింది.

ఎనిమిదో రోజుకు పిడికిలి ముడుచుకుంది. పదో రోజుకు సూదిలో దారం ఎక్కింది. ఆ దారం చెల్లెలికి చూపించి చిన్నపిల్లలా గెంతింది. దర్జీ ఆనందంగా కొత్త కోటు ఒకటి తెచ్చి ముందు పెట్టాడు.

పన్నెండో రోజు అరచేతుల్లో దురద మొదలైంది.

కాసేపటికి మెడ మీదికి పాకింది.  ఆమె అద్దం ముందుకు పరుగెత్తి కళ్ళ రెప్పలు లాగి లాగి చూసుకుంది. తెల్లగా ఉన్నట్టే ఉంది, కాదేమో అన్నట్టూ ఉంది.

"చెమటకాయలే అక్కా, రేపు వెళ్దాం."

"రేపూ మాపూ అనొద్దన్నాడే!" అంటూ ఆమె అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది.

నర్సు రక్తం తీసింది. రెండు గంటలు ఆగమంది. ఆ రెండు గంటలూ ఆమె ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూచుంది. ఆ రోజు అతను కూచున్న ఖాళీ కుర్చీ వైపు చూడటానికి కూడా భయపడింది. చివరికి నర్సు తన గదిలోకి పిలిచింది.

"లివర్ నిక్షేపంలా ఉందమ్మా! కొత్తగా ఏమైనా ముట్టుకున్నారా?"

"ఉన్ని కోటు... అలాంటిది కుట్టడం ఇదే మొదలు."

"ఆ నూగే!" నర్సు ఫక్కున నవ్వింది. "అయినా వచ్చి మంచి పని చేశారు. తొమ్మిదో పేజీ చదివిన మనిషి ఇన్నాళ్ళకు ఒక్కరు దొరికారు."

ఆమె సిగ్గుపడింది.

"నేను చదవలేదు సిస్టర్. దురద సంగతి ఆ పచ్చకళ్ళాయన చెప్పాడు."

నర్సు నవ్వు ఆగిపోయింది.

"దాన్నెవరూ చదవరని ఆయనకు తెలుసు. అందుకే మాత్రలిచ్చే ప్రతి రోజూ వచ్చి కూచునేవారు. మేమెవరమూ రమ్మనలేదు."

"తప్పయిపోయింది సిస్టర్. ఎక్కడుంటారో చెప్పండి, వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను."

"లోపలికి రానివ్వకపోయేసరికి గేటు బయట నిలబడి, వచ్చేపోయేవాళ్ళ కళ్ళు చూసేవారు. మొన్న సోమవారం పోయారు."

ఆమె కుర్చీలో కూలబడింది. 

"ఎవరాయన?"

నర్సు తలుపు దగ్గరగా వేసి వచ్చింది. ఇక చెప్పినా తప్పులేదనుకుందేమో, గొంతు తగ్గించింది.

"మొదట్లో ఈ మాత్ర ఇప్పుడు మీరు మింగేదానికి నాలుగింతలుండేదమ్మా. ఎంతకు మించి ఇవ్వకూడదో మేం తెలుసుకున్నది ఆయన మీదే."