వెనక డోర్ అద్దం

కారు కొని మూడు నెలలు కాలేదు. అందుకే అద్దం పగలగొట్టడానికి రాజీవ్‌కి చేతులు రాలేదు.

లోపల నాలుగేళ్ళ కూతురు వెన్నెల ఉంది. తాళం సీటు మీద ఉంది. తండ్రి ఏటీఎంలోకి వెళ్ళొచ్చేలోపు పిల్ల ఏదో మీట నొక్కింది. నాలుగు డోర్లూ బిగుసుకున్నాయి.

నరసరావుపేట కోర్టు రోడ్డు. ఏప్రిల్ నెలాఖరు. నెత్తి మాడే ఎండ.

"రెండో తాళం తెమ్మన్నా. డ్రైవరు రొంపిచెర్లలో బయల్దేరాడు. అరగంట ఓపిక పట్టండి" అన్నాడు రాజీవ్, చుట్టూ మూగినవాళ్ళతో.

"అరగంటా? పిల్ల ఉడికిపోద్దయ్యా!" అంది పళ్ళబండి హనుమాయమ్మ.

"అరవమాకు పిన్నీ. కొత్త కారు."

వెన్నెల ఏడుపు ఆపేసింది. తల పక్కకి వాలింది.

అప్పుడొచ్చాడు ఆ మనిషి. మాసిన చొక్కా, చంకలో గుడ్డసంచి.

ఎవర్నీ ఏమీ అడగలేదు. పిల్లకి దూరంగా ఉన్న వెనక డోర్ చూసుకున్నాడు. తువ్వాలు చేతికి చుట్టుకున్నాడు. రోడ్డు పక్క కంకరలోంచి మొన ఉన్న రాయి ఏరుకున్నాడు. అద్దం నడిమధ్యన కాదు, కింది మూలన, రాతిపనివాడు పలకను కొట్టినట్టు ఒక్క దెబ్బ కొట్టాడు.

అద్దం పంచదారలా రాలింది.

పిల్లను బయటికి లాగి, వేపచెట్టు నీడన పడుకోబెట్టి, తన సీసాలో నీళ్ళు మొహాన చల్లాడు. వెన్నెల కళ్ళు తెరిచి, తండ్రిని చూసి కేరుమంది.

రాజీవ్ పిల్లను హత్తుకున్నాడు. ఆ మనిషికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

ఆ దండం ఆయుష్షు ఐదు నిమిషాలు.

ఆరో నిమిషంలో ఇన్సూరెన్స్ ఏజెంట్ రవి కుమార్‌కి ఫోన్ కొట్టాడు.

"బావా, ఫుల్ పాలసీయేగా మనది? డోర్ అద్దం పోయింది. వస్తదిగా?"

"ఎట్టా పోయింది?"

రాజీవ్ చెప్పాడు.

"అట్టా చెప్పావో, చెడ్డావు. రాయొచ్చి తగిలిందంటే వస్తది. దొంగెవడో పగలగొట్టాడంటే వస్తది. తాళం లోపలేసుకుని మనమే పగలగొట్టించామంటే కంపెనీ సర్వేయర్ సవాలక్ష మెలికలు పెడతాడు."

"మరేం చెయ్యమంటావ్?"

"స్టేషన్‌లో కాగితం పుట్టించు. పగలగొట్టినోడు దొరికాడనుకో, ఇంక తిరుగే లేదు."

రాజీవ్ చెట్టు వైపు చూశాడు. దొరికినోడు అక్కడే కూర్చుని అరచేతిలో దిగిన గాజుముక్కలు ఏరుకుంటున్నాడు.

"ఇదిగో, స్టేషన్ దాకా రా. ఒక్క సంతకం పెట్టాలి."

"రెండింటికి కోర్టులో ఉండాలయ్యా. ఆఖరి వాయిదా. ఇయ్యాల బోనెక్కకపోతే కేసు కొట్టేస్తారంట."

"పది నిమిషాల పని. నేనే తెచ్చి దించుతా."

నమ్మి కారెక్కాడు. పేదోడికి ఉన్న పెద్ద రోగం అదే.

"ఆయన్నెక్కడికి తీసకపోతన్నావ్?" అని హనుమాయమ్మ అడ్డమొచ్చింది.

"పిన్నీ, నీ బండి రేపు కూడా ఇక్కడే ఉండాలా, వద్దా?"

ఆమె పక్కకి జరిగింది.

రెండో తాళంతో వచ్చిన డ్రైవరు పిల్లను ఇంటికి తీసుకెళ్ళాడు. స్టేషన్‌లో రాజీవ్ రాసిచ్చిన కాగితం కానిస్టేబుల్ పైకి చదివాడు. "తాగిన మైకంలో అద్దం పగలగొట్టి బ్యాగు కాజేయబోయాడు... ఏరా, పేరేంది?"

"కోటేశ్వర్లు. మాది నూజెండ్ల. అయ్యా, నేను తాగనయ్యా. పాపని బయటికి తీయటానికేగా..."

చెంప పేలింది.

"తాగకుండానే పగలగొట్టావా? అయితే ఇంకా పెద్ద కేసురా నీది!"

కానిస్టేబుల్ నవ్వాడు. రాజీవ్ కూడా నవ్వాడు.

కోటేశ్వర్లు రాజీవ్ వైపు తిరిగాడు. "కేసు పెట్టుకోండయ్యా. కాదన్ను. బోనెక్కి, చెప్పేది చెప్పి వచ్చేస్తా. వచ్చి ఇక్కడే కూచుంటా. మూడేళ్ళు తిరిగానయ్యా ఈ రోజు కోసం."

ఏం కేసని రాజీవ్ అడగలేదు. కూలోళ్ళకేం కేసులుంటాయి? గట్టు తగాదా, లేకపోతే కోడి తగాదా.

"రేపు నేనే వచ్చి రాజీ అని చెప్తాలే, వదిలేస్తారు. ఒక్క రోజుకి నీ కొంపేం మునగదు."

గోడ గడియారం ఒకటీ ముప్పావు చూపిస్తోంది. దాన్ని చూశాకే రాజీవ్‌కి ఆకలి గుర్తొచ్చింది. వెనక "అయ్యా... అయ్యా..." అని పిలుపు వినబడుతూనే ఉంది. ఆగలేదు.

సాయంత్రం మెకానిక్ షెడ్డులో సర్వేయర్ ఫోటోలు తీసుకున్నాడు. స్టేషన్ కాగితం చూసి తలూపాడు.

"డోర్ లోపలి ప్యాడ్ కూడా చిరిగింది, అదీ రాయండి" అన్నాడు రాజీవ్.

రాశాడు.

అంతలో లాయరు లక్ష్మీనారాయణ ఫోన్.

"రాజీవ్, స్వీట్లు పంపవయ్యా! రొంపిచెర్ల టిప్పర్ కేసు కొట్టేశారు."

"ఏ టిప్పర్ అన్నా?" రొంపిచెర్లలో రాజీవ్ కంకర క్రషర్‌కి ఆరు టిప్పర్లు. కేసులన్నీ లాయరే చూసుకుంటాడు. ఏ వాయిదాకీ తను వెళ్ళింది లేదు.

"ఇన్సూరెన్స్ కట్టకుండా తిప్పావే, అది. పరిహారం మొత్తం నీ నెత్తినే పడాల్సింది. చచ్చిన పిల్ల తండ్రి సాక్ష్యానికి రాలేదు, బతికిపోయావు."

"ఎందుకు రాలేదంట?"

"అదే అర్థం కావట్లేదయ్యా. పన్నెండున్నరకి కోర్టు గేటు దగ్గర వాళ్ళ లాయరు రోడ్డవతల నిన్ను చూపించి 'మీ శ్రీదుర్గని తొక్కేసిన టిప్పర్ ఓనరు ఆయనే, ఆ కారులో ఉంది ఆయన కూతురే' అని చెప్తుంటే నేను విన్నా. అంతే, ఆ కోటేశ్వర్లు సంచి చంకన పెట్టుకుని తిన్నగా మీ కారు దగ్గరికే నడిచాడు, మళ్ళీ కోర్టు మెట్లెక్కలేదు."