తడబాటు మాస్టారు

జవాబులన్నీ చెవిలోని యంత్రమే అందించడం మొదలయ్యాక, కంపెనీలు జవాబులు చూడడం మానేశాయి. మనిషి సొంతంగా ఆలోచిస్తున్నాడో లేదో తెలియడానికి తడబాటును మాత్రమే కొలుస్తున్నాయి. అందుకే కంప్యూటర్ సైన్స్ మూడో ఏడాది చదివే లాస్య, గాజువాకలో భానోజీ మాస్టారి దగ్గర రెండు నెలలుగా తడబడడం నేర్చుకుంటోంది.

"రెండు సెకన్లు ఆగాలమ్మా. కిందికి చూసి, 'అదీ...' అనాలి. మరీ నీళ్లు నమిలావనుకో, దొరికిపోతావ్," అనేవారాయన.

ఇంటర్న్‌షిప్ రాకపోతే కాలేజీ పట్టా ఇవ్వదు. ఇంటర్వ్యూలో నాలుగు ప్రశ్నలకూ లాస్య నేర్చుకున్నట్టే తడబడింది.

"మీకు మొదటి ప్రోగ్రామ్ రాయడం ఎవరు నేర్పారు?" అని ఇంటర్వ్యూ చేస్తున్న తెర అయిదోది అడిగింది.

నేర్పింది అన్నయ్య. కిందటి శ్రావణంలో చనిపోయాడు. చెవిలో యంత్రం ఏదో జవాబు అందిస్తూనే ఉంది కానీ, 'అన్నయ్య' అనడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

ఫలితం వెంటనే వచ్చింది. "అయిదో జవాబులో తడబాటు కృత్రిమం. ఎంపిక కాలేదు."

మాస్టారు అది చదివి తల పట్టుకున్నారు. "పదకొండు సెకన్లేటమ్మా! నిజంగా ఎవరైనా అంతసేపు ఆగుతారేటి? ఏమైంది నీకు?"

లాస్య రెండు సెకన్లు ఆగి, కిందికి చూసింది.

"అదీ... మరిచిపోయాను మాస్టారూ."

"చూశావా, ఇలా ఆగాలి," అన్నారాయన.